కంచె అవతల ఆయా

మా అత్తయ్య మా దగ్గర ఉన్నన్నాళ్ళూ కెనడాలో, ఎడ్మంటన్‌లోని మా వంటింట్లో కొబ్బరి వాసన వేస్తూ ఉండేది. శనివారం పూట చైనీస్ షాపుకి తీసుకెళ్తే కాయల బుట్ట దగ్గర ఆగిపోయేది. ఒక్కొక్క కాయా చెవి దగ్గర ఊపి, గోటితో కొట్టి చూసి, నచ్చకపోతే పక్కన పెట్టేసేది. షాపతను మొదట్లో విసుక్కునేవాడు. తర్వాత తర్వాత ఆవిడ కనపడగానే లోపలినించి కొత్త పెట్టె తెచ్చి ముందు పెట్టేవాడు. బయట మైనస్ ముప్ఫైలో కారు వేడెక్కుతుంటే, ఆవిడ లావుపాటి కోటు జేబుల్లో చెరొక కాయా పెట్టుకుని, మంచు మీద జారకుండా నా మోచెయ్యి పట్టుకుని నడిచేది. ఆ బరువు ఇప్పటికీ నా చేతికి తెలుస్తుంటుంది.

అత్తయ్య పుట్టింది మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, ఒక కొబ్బరి ఎస్టేటులో. వాళ్ళ తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి కూలీలుగా ఓడెక్కిన కుటుంబం. మా ఆయన ఆ దేశంలోనే పెరిగి, కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, పై చదువు కోసం ఎడ్మంటన్ యూనివర్సిటీకి వచ్చాడు. నేను బాపట్ల నుంచి అదే యూనివర్సిటీకి వచ్చాను. మలేషియా మనిషి తెలుగు మాట్లాడుతున్నాడని వింతపడటంతో మొదలైంది మా పరిచయం. పెళ్ళి కుదిరాక అత్తయ్యతో మొదటిసారి ఫోన్లో మాట్లాడాను. "మకాన్ సేసినావా తల్లీ?" అనడిగింది. మకాం ఎక్కడ పెట్టావని అడుగుతోంది కాబోలనుకుని నా అపార్ట్‌మెంట్ అడ్రసంతా చెప్పాను. మకాన్ అంటే వాళ్ళ మలయ్ మాటల్లో భోజనమట. మా ఆయన ఆ సంగతి చెప్పి నన్ను ఏడిపించని పండగ లేదు.

మావయ్యగారు పోయాక ఆవిడ మా దగ్గరికి వచ్చేసింది. అప్పటికి మా అమ్మాయి బడికి వెళ్తోంది. నాకు ఆస్పత్రి ల్యాబ్‌లో షిఫ్టులు. ఇంట్లో పెద్ద దిక్కు వచ్చినట్టయింది. ఆవిడ తెలుగు మా ఊళ్ళో విన్నది కాదు, సినిమాల్లో విన్నదీ కాదు. శ్రీకాకుళం యాస మీద తమిళం, మలయ్ చిలకరించినట్టుండేది. అక్కను 'అప్ప' అనేది. చలిని తిట్టడానికి మాత్రం ఆవిడకి అన్ని భాషలూ పనికొచ్చేవి.

ఒక అలవాటు మాత్రం నాకు మింగుడు పడేది కాదు. ఇంటిని వేడిచేసే ఫర్నేస్ బాగుచేయడానికి తెల్లవాడెవరైనా వస్తే ఆవిడ తటాలున లేచి నిలబడేది. అతను పని ముగించుకుని వెళ్ళేదాకా కూర్చునేది కాదు. సైడ్‌వాక్ మీద ఎవరైనా తెల్లవాళ్ళు ఎదురొస్తే పక్కనున్న మంచులోకి దిగి దారి ఇచ్చేది. మోకాళ్ళ దాకా మంచు ఉన్నా సరే. ఒకసారి మా అమ్మాయి చూసి, "నానమ్మా, వై డూ యూ డూ దట్?" అని గట్టిగా అడిగేసింది.

"దొర వొస్తంటే మనం దిగాల. సైకిల్ మీదున్నా దిగాల, గొడుగుంటే మూసీయాల," అంది అత్తయ్య, ఇందులో అడగడానికేముందన్నట్టు.

"బట్ హీ ఈజ్ ద మెయిల్‌మ్యాన్!"

అత్తయ్య నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రాత్రి మా ఆయనతో అంటే, "నేనూ చెప్పి చెప్పి వదిలేశాను. ఆవిడ కాళ్ళు ఆవిడ మాట వినవు," అన్నాడు.

మా వీధి చివర లైబ్రరీలో బుధవారం మధ్యాహ్నాలు పెద్దవాళ్ళకి టీ ఇచ్చేవారు. ఊలు అల్లుకునేవాళ్ళు, పేకాడేవాళ్ళు, ఊరికే కబుర్లు చెప్పుకునేవాళ్ళు చేరేవారు. నాకు బుధవారం సెలవు కాబట్టి అత్తయ్యను తీసుకెళ్ళేదాన్ని. అక్కడ ఒక పెద్దావిడ పరిచయమైంది. పొడుగ్గా, నిటారుగా ఉండేది. బడి పంతులమ్మగా రిటైరైంది. భర్త పోయాక ఒంటరిగా రెండు వీధుల అవతల ఉండేది. మా అత్తయ్యది మలేషియా అని తెలిసేసరికి ఆవిడ మొహం వెలిగిపోయింది.

"నేను పుట్టింది అక్కడే! మా నాన్న ఎస్టేటు మేనేజరు. కొబ్బరి ఎస్టేటు!" అంది.

అత్తయ్య చేతిలో కప్పు కింద పెట్టి లేవబోయింది. నేను ఆవిడ తొడ మీద చెయ్యి వేసి ఆపాను.

ఎస్టేటు పేరు అడిగితే వేరేది చెప్పింది. అత్తయ్య వాళ్ళదానికి చాలా దూరమట, నదికి అవతల. అత్తయ్య తేలిగ్గా ఊపిరి వదలడం నాకు తెలిసింది. ఆ తర్వాత ప్రతి బుధవారం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. అత్తయ్యకి పనికి సరిపడా ఇంగ్లీషు వచ్చు. చాలనప్పుడు నా వైపు తిరిగేది. ఎండు కొబ్బరి పొగ వాసన, వాన పడబోయే ముందు కప్పల గోల, బంకమట్టి కాలవల్లో ముసళ్ళున్నాయని పెద్దవాళ్ళు పెట్టే భయం... ఇద్దరికీ అన్నీ గుర్తున్నాయి. బయట మంచు కురుస్తుంటే వాళ్ళిద్దరూ ఆ ఉక్కపోతను తలుచుకుని మురిసిపోయేవారు. ఇంటికొచ్చాక అత్తయ్య ఆవిడని 'మన దొరసాని' అనేది, సరదాకే.

ఒక బుధవారం దొరసాని తన ఆయా గురించి మొదలుపెట్టింది. తల్లికి టెన్నిస్, పార్టీలు. పిల్లల్ని పెంచిందంతా ఆయానే.

"నాకు మొదట వచ్చిన మాట ఇంగ్లీషు మాట కాదట, తెలుసా? ఆయా నేర్పింది. బువ్వ!" అంది.

ఎడ్మంటన్ లైబ్రరీలో, డెబ్బై దాటిన తెల్లావిడ నోట 'బువ్వ' అన్న మాట! ఆవిడ అది మలయ్ మాటనుకుంటోంది ఇన్నేళ్ళూ. తెలుగని చెప్పగానే రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. అత్తయ్య అయితే చిన్నపిల్లని చూసినట్టు చూస్తూ, "బువ్వ కావాలేటి? బువ్వ తింటావేటి?" అని నవ్వుతూ అడిగింది. ఆవిడకి అర్థం కాకపోయినా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ ఊపులోనే ఇంకొకటి చెప్పింది. "మా ఆయాకి ఒక వింత అలవాటుండేది. సాయంత్రం నన్ను తోపుడుబండిలో కూర్చోబెట్టి తోట చివర మందార కంచె దాకా తీసుకెళ్ళేది. అక్కడ నిలబడి చెట్లతో మాట్లాడేది. నిజంగా! ఆకుల్లోకి వంగి గుసగుసగా చాలాసేపు మాట్లాడేది. మా అన్నయ్య, నేను ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటాం."

అత్తయ్య నవ్వు ఆగిపోయింది. టీ కప్పు పక్కకి జరిపింది. తర్వాత నాతో అంది, "నాను సెప్పింది సెప్పినట్టు ఆవిడికి సెప్పు తల్లీ. నా ఇంగ్లీసుకి ఇది రాదు."

నేను సరేనన్నాను.

"సెట్లతో కాదని సెప్పు. కంచెకి అవతల ఎవులో ఉండుంటారని సెప్పు. మా అప్ప కూడా అలాగే మాటాడీది. అవతల మా అమ్ముండీది."

దొరసాని అయోమయంగా నా వైపు, ఆవిడ వైపు చూసింది. అత్తయ్య చెప్పుకుపోయింది. నేను వాక్యానికి వాక్యం ఇంగ్లీషులో పెడుతూ వచ్చాను. ఆవిడ అప్ప సంగతి నేను వినడం కూడా అదే మొదలు.

అప్పకి పదమూడేళ్ళప్పుడు బంగ్లాలో పాప పుట్టింది. పిల్లని చూసుకోవడానికి ఆయా కావాలని దొర కబురు పెట్టాడు. పంపనంటే కుదరదు. పని దొరది, కూలీలకి వరసగా కట్టిన లైను ఇల్లు దొరది, అందులో నీళ్ళ కుళాయి దొరది. కాదంటే ఆ పూటే సామాను బయట ఉంటుంది. అప్ప వెళ్ళింది. పగలు పాప వెంట, రాత్రి పాప మంచం పక్కన నేల మీద. లైను ఇంటి గుమ్మంలో నిలబడితే బంగ్లా కప్పు కనపడేది. కానీ దీపావళికి తప్ప ఇంటికి రానిచ్చేవారు కాదు. లైన్లలోకి వెళ్ళొస్తే పాపకి జబ్బులు తెస్తుందని ఆ బంగ్లా దొరసాని భయం. అందుకని తల్లి రోజూ సాయంత్రం పుల్లలు ఏరుకునే వంకతో కంచె దగ్గరికి వెళ్ళేది. అప్ప బండి తోసుకుంటూ ఇవతలికి వచ్చేది. ఆకుల మధ్యనుంచి తల్లి వేయించిన చేపముక్క అరిటాకులో చుట్టి అందించేది. పాప కూడా చెయ్యి చాపితే, ముల్లు తీసి ఒక పిసరు దాని నోట్లో పెట్టేది అప్ప. నాలుగేళ్ళు అలా గడిచాయి.

"ఆపైన మా అమ్మకి పురుడు కష్టమైంది," అంది అత్తయ్య. "బిడ్డ దక్కలేదు. అమ్మకి జొరం దిగలేదు. అప్ప పొద్దున్న బంగ్లా దొరసానిని సెలవడిగింది. ఆ యేళ టీకి వేరే ఎస్టేట్ల దొరలొస్తన్నారంట. రేపెల్దువుగాని అంది. సాయంత్రం అమ్మకి బదులు నాను కంచెకాడికెల్లినాను. అమ్మ నిన్నే పిలుస్తంది అప్పా అన్నాను. అంతే. అప్ప బండి అక్కడే వొదిలీసి, పాపని సంకలో ఎత్తుకుని, కంచె సందులోంచి దూరి వొచ్చీసింది. పాపనొక్కదాన్నీ అక్కడొదిలీలేదు కదా మరి."

దొరసాని చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది.

తల్లి అప్పని చూసింది. పక్కనే నిలబడ్డ తెల్లపిల్లని చూసి, జుట్టు నిమిరి, దీనికి ఏదైనా పెట్టండే అందట. దీపాలు పెట్టకముందే పోయింది. ఆ వెంటనే దొర, గుమాస్తా, కూలీల మేస్త్రీ లాంతర్లు పట్టుకుని వచ్చారు. పాప లైను ఇంటి అరుగు మీద అత్తయ్యతో గవ్వలాడుకుంటోంది. బిడ్డని ఎత్తుకుపోయారని కేకలు. తెల్లారి కూలీల పేర్లు పిలిచే చోట అందరూ చూస్తుండగా అత్తయ్య నాన్నని దొర చెంప మీద బెత్తంతో కొట్టాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా మోకాళ్ళ మీద నిలబెట్టాడు. ఇంట్లో శవం ఉంది. మొయ్యడానికి మనుషులు రావాలంటే పని ముగిసే గంట కొట్టేదాకా ఆగాలన్నాడు. తల్లిని సాయంత్రం ఎస్టేటు చివర పూడ్చారు. మూడో రోజు కూడా కానివ్వకుండా వీళ్ళని వెళ్ళగొట్టారు.

అత్తయ్య ఆగింది. చివరి మాట దాకా నేను ఇంగ్లీషులో చెప్పాను.

"ఆ పాప కనపడకపోతే తల్లిదండ్రులు ఎంత హడలిపోయారో పాపం," అంది దొరసాని, మెల్లగా. ఆవిడ చెడ్డ ఉద్దేశంతో అనలేదు. నోటికి ముందొచ్చిన మాట అది.

"బయపడే ఉంటారు," అంది అత్తయ్య. "ఒక్క గంట బిడ్డ కనబడకపోతే ఎవులికైనా బయమే. మా అమ్మకి దాని బిడ్డ నాలుగేళ్ళు కంచె సందులోంచే కనబడింది."

అది కూడా చెప్పాను. దొరసాని మొహం ఎర్రబడింది. "మా ఆయా మమ్మల్ని ప్రాణంగా చూసుకుంది. అది నాకు తెలుసు. ఆ ప్రేమ అబద్ధం కాదు," అంది.

"పేమ లేదని నానన్నానా? సెలవు లేదన్నాను."

దొరసాని కోటు తీసుకుని, టోపీ బల్ల మీదే మరిచిపోయి వెళ్ళిపోయింది. నేను ఆ టోపీ తీసి లైబ్రరీ కౌంటర్లో ఇచ్చాను.

తర్వాతి బుధవారం ఆవిడ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. అత్తయ్య పైకి ఏమీ అనకపోయినా, బుధవారం తయారవుతూ చీర రెండుసార్లు మార్చేది. ఒకరోజు కొబ్బరి కోరుతూ ఆగి, "నాను ఎక్కువ మాటాడీసినానేటి?" అనడిగింది.

"ఉన్నమాటే చెప్పారు కదా అత్తయ్యా."

"ఉన్నమాటే. గాని ముసిల్ది. ఒక్కర్తే ఇంట్లో కూసుని అదే తలుసుకుంటాది," అంది.

"మీ అప్ప ఏమైంది?" అని అడిగాను. లైబ్రరీలో అడగలేకపోయాను.

పట్నం చేరాక అప్ప ఇడ్లీలు అమ్మి తండ్రిని, చెల్లెల్ని పోషించిందట. అత్తయ్యని తమిళ బడిలో వేసింది. పెళ్ళి చేసుకోలేదు. మా ఆయన పుట్టాక ఆయన్ని చంక దించేది కాదట. "సచ్చిపోయే ముందు కూడా ఆ పాపనే అడిగీది. ఎక్కడుందో, పెళ్ళయిందో లేదో అనీది. నాకు కోపమొచ్చీది. ఆళ్ళు మనల్ని తన్ని తగిలీసినారు, నీకు ఆ పిల్లెందుకే అనీదాన్ని. అది పిల్లే కదే, దానికేటి తెలుసు అనీది అప్ప."

మంచు కరిగి వీధులు బురదగా ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే దొరసాని. చేతిలో బిస్కెట్ల డబ్బా. అత్తయ్య సోఫాలోంచి లేచి నిలబడింది. దొరసాని కూర్చోలేదు. "మీరు కూర్చుంటేనే నేను కూర్చుంటాను," అంది. ఇద్దరూ హాల్లో ఎదురెదురుగా నిలబడిపోయారు.

"ఇద్దరూ కూర్చోండి, టీ చల్లారిపోతోంది," అన్నాను. అప్పటికి నేనింకా టీ పెట్టనే లేదు. ఇద్దరూ కూర్చున్నారు.

"మా అన్నయ్యకి ఫోన్ చేశాను," అంది దొరసాని. "ఆయా పేరేమిటని అడిగాను. వాడికీ తెలీదు. మా కుక్కల పేర్లు గుర్తున్నాయి. నాన్న గుర్రం పేరు గుర్తుంది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి పేరు మా ఇద్దరికీ తెలీదు. ఎప్పుడూ అడగలేదు."

ఈసారి నేను ఏమీ అనువదించనక్కర్లేకపోయింది. అత్తయ్య తన ఇంగ్లీషులోనే అంది. "యూ కాల్ ఆయా. షి కమ్, నో? దట్ ఈజ్ ఆల్సో నేమ్." నా వైపు తిరిగి, "పిల్ల పిలిస్తే పలికింది కదా, అది సాలు," అంది.

దొరసాని ఏడ్చింది. అత్తయ్య ఓదార్చలేదు. పక్కన కూర్చుని బిస్కెట్ల డబ్బా మూత తీసి, ఒకటి రుచి చూసి, "ఉప్పెక్కువ," అని నాతో తెలుగులో అంది.

ఆ తర్వాత గడిచిన ఏళ్ళే ఇప్పుడు నాకు తరచుగా గుర్తొచ్చేవి. దొరసాని కబురు చేయకుండా వచ్చేది. వంటింటి బల్ల దగ్గర ఇద్దరూ చేరి కొబ్బరి రొట్టెలు చేసేవారు. దొరసాని పిండి మొహానికంతా పూసుకునేది. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి మధ్యలో కూర్చుని ఇద్దరినీ ఆటపట్టించేది. కొన్నిసార్లు దొరసాని ఏదో బంగ్లా ముచ్చట మొదలుపెట్టి, మధ్యలో ఆగి, "అప్పుడు మీ వైపు ఎలా ఉండేది?" అని అడిగేది. అత్తయ్య చెప్పేది. ఒక్కోసారి చెప్పేది కాదు, "ఇయాల వొద్దు," అనేది. ఆవిడ కూడా రెట్టించేది కాదు.

ఒకసారి నేను ఉండబట్టలేక అడిగేశాను. "అంత నరకం చూశారు కదా, మళ్ళీ ఆ చోటునే ఎందుకు అంత తలుచుకుంటారు?"

అత్తయ్యకి కోపం రాలేదు. "దొర ఎస్టేటుని కాదే నాను తలుసుకునేది. నా సిన్నతనం అక్కడ కాకపోతే ఇంకెక్కడుంది? అమ్మ తిరిగిన చోటదే, అప్ప ఎత్తుకున్న చోటదే. ఆళ్ళది కాదది," అంది.

దొరసానిని వాళ్ళమ్మాయి లండన్ తీసుకెళ్ళిపోయింది, ఒంటారియోలో ఉన్న లండన్. ఆవిడ వెళ్ళిన రోజు అత్తయ్య మధ్యాహ్నం అన్నం తినలేదు. ఆదివారాలు ఫోన్లో మాట్లాడుకునేవారు. ఎక్కువగా వాతావరణం, మోకాళ్ళు. అవతలివాళ్ళకి వినపడదేమోనని ఇద్దరూ అరిచేవారు.

అత్తయ్య ఒక ఏప్రిల్‌లో, నిద్రలోనే పోయింది. నేను ఫోన్ చేసి దొరసానికి చెప్పాను. "ఆవిడ మిమ్మల్ని కష్టపెట్టకుండా వెళ్ళిందా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను.

అస్థికలు ఇక్కడే నదిలో కలిపాం. ఒడ్డున ఇంకా మంచుపెళ్ళలు ఉన్నాయి. ఇంటికొచ్చాక ఎవరికీ ఆకలి లేదు, అయినా అన్నం వండాను. మా ఆయన ప్లేటు ముందు పెట్టుకుని, ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాడు.

ఆయనకి మొదటి ఉద్యోగం వచ్చాక ఒక పాత కారు కొన్నాడట. ఎక్కడికి తీసుకెళ్ళమంటావమ్మా అంటే ఎస్టేటుకి అందట. అప్పటికి దొరలు ఎప్పుడో వెళ్ళిపోయారు. కొబ్బరిచెట్లు సగం నరికేసి పామాయిల్ వేశారు. బంగ్లా తాళం వేసి ఉంది, వరండాలో మేకలు పడుకున్నాయి. అత్తయ్య ముందు ఎస్టేటు చివరికి వెళ్ళి, తల్లిని పూడ్చిన చోటు వెతికింది. గుర్తు దొరకలేదు. అక్కడే ఒకచోట నీళ్ళు పోసింది. తర్వాత నేరుగా బంగ్లా ముందు మెట్ల దగ్గరికి వెళ్ళి, పైమెట్టు మీద కూర్చుని, సంచిలోంచి ఆకూవక్కా తీసి వేసుకుంది.

"ఏమైనా అందా?" అని అడిగింది మా అమ్మాయి.

"ఏమీ అనలేదు. ఆకు నమిలినంతసేపూ కూర్చుంది. కాళ్ళు చాపుకుని, తోటంతా చూస్తూ. నేను కారు దగ్గర నిలబడ్డాను. చివరికి లేచి వచ్చి, బాగా ఎండగా ఉందిరా, దార్లో ఐస్ కొనిపెట్టు అంది."

"కొన్నావా?"

"రెండు తింది," అన్నాడు మా ఆయన. ఆ తర్వాత అన్నం కలుపుకున్నాడు.